రక్షణ, విమానయాన పరిశ్రమకు మొదటి రూపాయి ఎక్కడ పెట్టాలి?

ఎకనామిక్స్ మాస్టారు | సోమవారం, ఉదయం 7:10

అందరికీ నమస్కారం. వచ్చే వారం మా డిగ్రీ కాలేజీలో పిల్లల చేత ఒక చర్చ చేయిస్తున్నాను. విమానాలు, క్షిపణులు, ఇంజిన్లు మన దేశంలోనే తయారయ్యే పరిశ్రమను ప్రభుత్వం గట్టిగా నిలబెట్టాలంటే ముందు దేని మీద ఖర్చు పెట్టాలి, తర్వాత దేని మీద? "అన్నీ ముఖ్యమే" అనే జవాబు దయచేసి వద్దు. ఖజానాలో డబ్బు ఎప్పుడూ సరిపోదు కాబట్టి వరుస చెప్పాలి, ఆ వరుస ఎందుకో చెప్పాలి.

నన్ను ఇబ్బంది పెడుతున్న విషయం ఇది. మన రక్షణ ఎగుమతులు 2013-14లో 686 కోట్ల రూపాయలు. 2024-25 నాటికి 23,622 కోట్లు. దేశంలో రక్షణ ఉత్పత్తి విలువ లక్షన్నర కోట్లు దాటింది. 2029 కల్లా 3 లక్షల కోట్ల ఉత్పత్తి, 50 వేల కోట్ల ఎగుమతులు లక్ష్యమంటున్నారు. సంతోషమే. ఇంకోపక్క 2025 సెప్టెంబర్ 26న చివరి మిగ్-21లు సెలవు తీసుకున్నాక వాయుసేనకు మిగిలినవి 29 స్క్వాడ్రన్లు, అంటే యుద్ధవిమాన దళాలు. ఉండాల్సినవి 42. ఇంత తయారవుతున్నా కావలసిన విమానం కావలసిన రోజుకు ఎందుకు రావడం లేదు?

ఏరో థర్డ్ ఇయర్ | సోమవారం, ఉదయం 8:02

ఇంజిన్ సార్, వేరే జవాబు లేదు. తేజస్ మార్క్ 1ఏ విమానాలు 83 కావాలని 2021 ఫిబ్రవరిలో ఆర్డర్ ఇచ్చారు. వాటికి అమెరికా జీఈ కంపెనీ నుంచి ఎఫ్-404 ఇంజిన్లు 99 కొనడానికి అదే ఏడాది ఒప్పందం చేసుకున్నారు. అందులో మొదటి ఇంజిన్ మన చేతికి వచ్చింది 2025 మార్చిలో. విమానం మనదే, డిజైన్ మనదే, కానీ ఇంజిన్ కోసం ఇంకొకరి గుమ్మం ముందు నిలబడాల్సి వచ్చింది. మొదటి రూపాయి ఇంజిన్‌కే.

కంచన్‌బాగ్ రిటైర్డ్ | సోమవారం, మధ్యాహ్నం 12:35

బాబూ, నువ్వు చెప్పింది నిజం. అయితే ఈ కథ 2021లో మొదలైంది కాదు.

లోహాల పరిశోధనలో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. నాకంటే ముందు తరం వాళ్లు మాకు మారుత్ గురించి చెప్పేవారు. జర్మన్ డిజైనర్ కుర్ట్ టాంక్ బెంగళూరులో గీసిన యుద్ధవిమానం అది, హెచ్‌ఎఫ్-24. 1961 జూన్ 17న ఎగిరింది. ఆ విమానం కోసం అనుకున్నది బ్రిటన్ వాళ్లు అభివృద్ధి చేస్తున్న ఆర్ఫియస్ 12 ఇంజిన్. ఆ అభివృద్ధి పూర్తి కావాలంటే మనం ఖర్చు భరించాలన్నారు. మనం పెట్టలేదు. చివరికి అంతకంటే బలహీనమైన ఆర్ఫియస్ 703 ఇంజిన్లు రెండు బిగించారు. ఆకారం చూస్తే ధ్వనివేగాన్ని దాటాల్సిన విమానం, దానికి ఆ ఊపిరి చాలలేదు. 147 తయారుచేసి ఆపేశారు. అప్పుడు ఇంజిన్ మీద మిగిల్చుకున్న డబ్బుకు ఆ విమాన కుటుంబం మొత్తాన్ని, దాన్ని గీసిన డిజైనర్ల అనుభవాన్ని మూల్యంగా చెల్లించుకున్నాం. ఆ తర్వాత తేజస్ పథకం 1983లో మొదలయ్యేదాకా మన చేత్తో కొత్త యుద్ధవిమానం గీయనేలేదు.

తేజస్ కోసం మనమే చేయబోయిన ఇంజిన్ కావేరి సంగతి అందరూ ఎగతాళిగా మాట్లాడతారు, నాకు బాధేస్తుంది. 1989లో మంజూరైన సొమ్ము దాదాపు 383 కోట్లు. పెద్ద దేశాలు దశాబ్దాల తరబడి డబ్బు, మనుషులు ధారపోసి నేర్చుకున్న విద్య మనం ఆ డబ్బుతో నేర్చుకోవాలి. 2008లో దాన్ని తేజస్ నుంచి విడదీశారు. అంతకంటే ముఖ్యమైన విషయం ఒకటి చెబుతాను, మాస్టారు గారూ, మీ పిల్లలకు ఇది తప్పక చెప్పండి. ఇంజిన్‌ను ఆకాశంలో పరీక్షించడానికి పెద్ద విమానం రెక్క కింద దాన్ని బిగించి ఎగరేస్తారు. అలాంటి పరీక్షావిమానం మనకు లేదు. 2010 నవంబర్‌లో కావేరిని రష్యాలోని గ్రోమోవ్ సంస్థకు తీసుకెళ్లి ఇల్యూషిన్-76కు తగిలించి ఎగరేశారు. అంటే పరీక్ష రాయడానికి కూడా పరాయి ఊరికి వెళ్లాం. వాళ్ల వీలు, వాళ్ల వాతావరణం, వాళ్ల తేదీలు. ఒక లోపం కనిపిస్తే సరిచేసి మళ్లీ ఎక్కించడానికి ఎంత కాలం పడుతుందో ఊహించండి. ఇంజిన్ విద్య అంతా ఆ మళ్లీ మళ్లీలోనే ఉంది.

అందుకని నా వరుసలో మొదటిది పరీక్షా సదుపాయాలు. ఎత్తులో గాలి పరిస్థితులను నేల మీద సృష్టించే పరీక్షాశాల, ఎగిరే పరీక్షావిమానం. ఆ తర్వాత లోహాలు, ఆ తర్వాతే ఇంజిన్. అవి లేకుండా ఇంజిన్‌కు డబ్బిస్తే మళ్లీ అదే దారి.

ఏరో థర్డ్ ఇయర్ | సోమవారం, మధ్యాహ్నం 1:15

సార్, లోహాల గురించి ఇంకొంచెం చెప్పండి. క్లాసులో సింగిల్ క్రిస్టల్ బ్లేడ్ అని ఒక పేరా చెప్పి వదిలేశారు.

కంచన్‌బాగ్ రిటైర్డ్ | సోమవారం, మధ్యాహ్నం 3:20

టర్బైన్ బ్లేడ్ తిరిగే చోట వాయువుల వేడి ఆ బ్లేడ్ లోహం కరిగే వేడి కంటే ఎక్కువ. అయినా కరగకూడదు, సాగకూడదు. దాని లోపల సన్నని దారులు పెట్టి గాలి పంపి చల్లబరుస్తారు. మామూలు పోతలో లోహం ఎన్నో రవ్వలుగా గడ్డకడుతుంది. వేడిలో లాగితే ఆ రవ్వల మధ్య సందుల దగ్గరే బలహీనపడుతుంది. అందుకని బ్లేడ్ మొత్తం ఒకే స్ఫటికంగా గడ్డకట్టేలా చాలా నెమ్మదిగా, కింది నుంచి పైకి చల్లారుస్తూ పోత పోస్తారు. పోసిన వాటిలో ఎన్ని పనికొస్తాయనేదే అసలు పరీక్ష. ఆ ప్రావీణ్యం పుస్తకంలో దొరకదు, ఎవరూ అమ్మరు.

మన హైదరాబాద్‌లోని రక్షణ లోహాల పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ వాళ్లు అది సాధించారు. హెలికాప్టర్ ఇంజిన్ కోసం 60 బ్లేడ్లు 2021లో విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్‌కు అందించారు. అదే ఏడాది, తమ దగ్గరే ఉన్న 2,000 టన్నుల ఐసోథర్మల్ ప్రెస్ (లోహాన్ని, అచ్చును ఒకే వేడిలో ఉంచి నొక్కే యంత్రం) మీద అడోర్ అనే జెట్ ఇంజిన్‌లో గాలిని నొక్కే కంప్రెసర్ డిస్కులను టైటానియం మిశ్రమంతో తయారుచేసి చూపించారు. చేతనవుతుందని రుజువైంది. 60 నుంచి 6 వేలకు వెళ్లడమే ఇప్పుడు ప్రభుత్వం చేయాల్సిన పని.

చర్లపల్లి సీఎన్‌సీ | సోమవారం, రాత్రి 9:48

సార్లకు నమస్తే. షాపు బంద్ చేసి ఇప్పుడే చూసిన. మీరు చెప్పినవన్నీ పెద్ద విషయాలు, కాదంటలేను. కాని 60 నుంచి 6 వేలకు పోవుడు అన్నరు కద, ఆ మాట కాడ్నే నా కథ ఉంది.

మాది చర్లపల్లిల చిన్న మిషన్ షాపు. పద్నాలుగు మందిమి. మూడు సీఎన్‌సీ లేత్‌లు, రెండు వీఎంసీలు, అప్పుజేసి కొన్న ఒక ఫైవ్ యాక్సిస్, అన్ని కంప్యూటర్ తోని లోహం కోసే మిషన్లే. రక్షణ పనులు పదేండ్ల సంది చేస్తున్న. ఏ సంస్థకు అనేది చెప్పను, చెప్పాల్సిన పని గూడ లేదు, అన్ని దిక్కుల ఇట్లనే ఉంది.

ఒక పార్టు వచ్చింది. ఇరవై మైక్రాన్ల టాలరెన్స్, అంటె కొలతల మిల్లీమీటరుల యాభయ్యో వంతు కంటె ఎక్కువ తేడా రావద్దు. మెటీరియల్ వాళ్లే ఇస్తరు, పీసు ఖరాబైతే పైసలు మనమే కట్టాలె. ప్రోగ్రాం రాసి, పీసును పట్టుకునే ఫిక్చర్ చేసి, మొదటి పీసు పాస్ చేయించేసరికి ఏడు నెలలు పట్టింది. తప్పు వాళ్లదని అంటలేను, అట్లాంటి పార్టుకు అంత జాగ్రత్త ఉండాల్నే. పాసైనంక ఆర్డరు ఎంతనుకున్నరు? నలభై పీసులు. నలభై నెలన్నరల అయిపోయినై. మళ్లీ అదే పార్టు ఆర్డరు ఎప్పుడొచ్చిందంటే మూడేండ్లకు. అప్పటికి ఆ సెట్టింగ్ తెల్సిన పిలగాడు పటాన్‌చెరు దిక్కు ఫార్మా మిషన్ల కంపెనీకి పోయిండు. జీతం అక్కడ ఎక్కువ, పోకుంట ఏం చేస్తడు? మళ్లీ మొదటి నుంచి మొదలువెట్టినం, మళ్లీ ఐదు నెలలు.

గా రెండోసారి పోయిన ఐదు నెలలు ఏ లెక్కల రావు సార్. విమానం ఆలస్యమైందని టీవీల చెప్తరు గాని ఆ నెలలు ఇసొంటి షాపులల్ల ఎన్ని ఉన్నయో ఎవ్వరు లెక్కవెట్టరు. నా వరుసల మొదటిది ఒక్కటే. ఐదేండ్ల ఆర్డరు ముందే చెప్పున్రి. ఏడాదికి ఇరవై పీసులే ఇయ్యున్రి, కాని ఐదేండ్లు ఇయ్యున్రి. నేను బ్యాంకుకు ఆ కాయితం చూపిచ్చి మిషన్ తెచ్చుకుంట, పిలగానికి జీతం పెంచుత.

ఇగ పైసల సంగతి ఇంకోసారి చెప్త, నిద్రొస్తుంది.

పద్దుల పుస్తకం | మంగళవారం, ఉదయం 6:55

చర్లపల్లి అన్నా, మీరు నిద్రకు ఆపేసిన సంగతి నేను చెబుతాను, తప్పయితే దిద్దండి. నేను చిన్న పరిశ్రమల ఖాతాలు చూస్తుంటాను, అందులో మీలాంటి వాళ్లు చాలామంది ఉన్నారు.

2006 ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం కొన్నవాళ్లు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) కూడా వచ్చింది. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు గడువులో కట్టని బిల్లును ఆ ఏడాది ఖర్చుగా చూపుకోనివ్వరు. కాగితం మీద ఇంత రక్షణ ఉంది. మరి డబ్బు ఎందుకు ఆగుతోంది? ఆ 45 రోజులు ఎప్పటినుంచి లెక్క అనే దగ్గర. సరుకు వాళ్ల గేటు దాటి లోపలికి వెళ్లి, 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే అని చట్టం అంటుంది. కానీ రక్షణ పనుల్లో చాలావాటికి సరుకు పంపకముందే మన షాపులోనే తనిఖీ. ఇన్‌స్పెక్టర్ గారి తేదీ దొరికేదాకా సరుకు కదలదు. సరుకు కదలకపోతే గడియారమే మొదలు కాదు. పీసులు ప్యాకింగ్ చేసి నెలన్నర షెల్ఫులో పెట్టుకున్న వాళ్లను నేను చూశాను. రోజువారీ ఖర్చులకు బ్యాంకు ఇచ్చే అప్పు, సీసీ లిమిట్ మీద వడ్డీ మాత్రం రోజూ నడుస్తుంది.

కాబట్టి పైసా ఖర్చులేని సంస్కరణ ఒకటి: తనిఖీకి పిలిచిన రోజు నుంచే గడియారం మొదలవ్వాలి. పది రోజుల్లో రాకపోతే గుర్తింపు ఉన్న బయటి ల్యాబ్ చేత తనిఖీ చేయించుకునే హక్కు అమ్మకందారుకు ఉండాలి.

ఐదేళ్ల ఆర్డర్ల గురించి ఒక మంచి మాట. 2025 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త రక్షణ కొనుగోళ్ల మాన్యువల్‌లో స్వదేశీకరణ చేసిన వస్తువులకు ఐదేళ్ల వరకు ఆర్డర్ల హామీ ఇచ్చే వీలు పెట్టారు. ఆలస్యపు జరిమానా కూడా తగ్గించారు. అది కింది స్థాయి కొనుగోలు అధికారి బల్ల దాకా వెళ్లాలి. ఆడిట్ అభ్యంతరం వస్తుందనే భయంతో ఆయన ఆ వీలు వాడకపోతే మాన్యువల్ మారినా మీ షాపు మారదు.

చర్లపల్లి సీఎన్‌సీ | మంగళవారం, ఉదయం 8:30

అక్కా, అచ్చు గట్లనే. షెల్ఫుల పెట్టిన సరుకు మీద దుమ్ము తుడ్సుకుంట ఎదురుచూసిన రోజులున్నయి. ఆ బయటి ల్యాబు మాట ఎవరన్న పైకి చేరవేస్తే పుణ్యముంటది.

పాలమూరు టీచర్ | మంగళవారం, ఉదయం 10:05

నేను కొంచెం ఎదురు మాట మాట్లాడతాను, కోపగించుకోకండి. మా బడిలో రెండు గదులకు పైకప్పు కారుతుంది. 2025-26 రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లు. వరుస గురించి మాట్లాడుతున్నారు కదా, ఆ వరుసలో మా పిల్లలు ఎక్కడున్నారు? ఇది మీ పరిశ్రమను తక్కువ చేయడానికి అడగడం లేదు. సమాధానం నాకే కావాలి.

పద్దుల పుస్తకం | మంగళవారం, ఉదయం 11:40

న్యాయమైన ప్రశ్న టీచర్ గారూ. ఆ 6.81 లక్షల కోట్లు విప్పి చూద్దాం. పెన్షన్లకే దాదాపు 1.61 లక్షల కోట్లు. కొత్త ఆయుధాలు, విమానాలు, ఓడలు కొనే మూలధన పద్దు 1.80 లక్షల కోట్లు. మిగతాలో ఎక్కువ భాగం జీతాలు, నిర్వహణ. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు వచ్చింది 26,816 కోట్లు, అంటే మొత్తంలో నాలుగు శాతానికి కాస్త తక్కువ. మనం ఇక్కడ మాట్లాడుతున్న పరీక్షాశాలలు, లోహాలు, ఇంజిన్ పరిశోధన అంతా ఆ చిన్న ముక్కలోనిదే. దాన్ని ఆపితే మీ బడి పైకప్పు బాగుపడదు. పైగా ఆ వస్తువునే తర్వాత డాలర్లలో కొంటాం, అప్పుడు ఇంకా ఎక్కువ పోతుంది.

పాలమూరు టీచర్ | మంగళవారం, మధ్యాహ్నం 12:20

ఒప్పుకుంటాను. అయితే నా వైపు నుంచి ఒక షరతు. ప్రతి పెద్ద పథకానికి అనుకున్న ఖర్చు, అయిన ఖర్చు, అనుకున్న తేదీ, వచ్చిన తేదీ ఏటా పార్లమెంటు ముందు ఒకే పట్టికలో పెట్టాలి. డిజైన్ రహస్యాలు ఎవరూ అడగడం లేదు. ఆలస్యం రహస్యం కాకూడదు. పన్ను కట్టే వాడికి ఆ మాత్రం హక్కుంది.

తూలూజ్ నుంచి | మంగళవారం, సాయంత్రం 6:15

నమస్తే అందరికీ. మాది గుంటూరు, పదకొండేళ్లుగా ఇక్కడ ఫ్రాన్స్‌లో విమాన నిర్మాణాల ఒత్తిడి విశ్లేషణ చేస్తున్నాను. పని రోజు కావడంతో ఆలస్యంగా చేరాను.

ఈ చర్చలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది. డ్రాయింగ్ ఎవరిది?

ఆదిభట్ల వైపు వెళ్తే గర్వంగా ఉంటుంది. అపాచీ హెలికాప్టర్ల బాడీలు, సి-130జే తోక భాగాలు అక్కడే తయారవుతాయి. రఫేల్ యుద్ధవిమానం బాడీ హైదరాబాద్‌లో చేయడానికి ఫ్రాన్స్ కంపెనీ దసో, టాటా 2025 జూన్‌లో ఒప్పందం చేసుకున్నాయి. ఎయిర్‌బస్ ఏ320 కార్గో తలుపుల పని కూడా హైదరాబాద్‌కు వచ్చింది. ఫ్రాన్స్ ఇంజిన్ కంపెనీ సఫ్రాన్ వాళ్లు లీప్ విమాన ఇంజిన్లకు మరమ్మతు చేసే పెద్ద కేంద్రాన్ని శంషాబాద్ దగ్గర 2025 నవంబర్‌లో తెరిచారు. ఇవన్నీ మంచివే, వేలమందికి పని. నాణ్యత క్రమశిక్షణ మన వాళ్ల చేతుల్లోకి వచ్చింది. కానీ ఆ డ్రాయింగ్‌లో ఒక రంధ్రం రెండు మిల్లీమీటర్లు జరపాలన్నా మన వాళ్లకు అధికారం లేదు. ఎందుకు అక్కడ పెట్టారో కూడా చెప్పరు. గీసిన వాడికే తెలుస్తుంది. నా ఉద్యోగం అదే కాబట్టి చెబుతున్నాను, ఆ "ఎందుకు" చుట్టూనే మొత్తం విలువ ఉంటుంది.

బ్రెజిల్ కథ మీ పిల్లలకు చెప్పండి మాస్టారూ. వాళ్లు ముందు కాలేజీ కట్టారు. ఐటీఏ 1950లో. ఎంబ్రాయెర్ కంపెనీ పెట్టింది 1969లో, ఆ కాలేజీలో చదివిన వాళ్లను పెట్టుకుని. చిన్న విమానంతో మొదలుపెట్టారు. డిజైన్ తమ దగ్గరే ఉంచుకుని, ఇంజిన్లు, పరికరాలు బయట కొన్నారు. 1994లో ప్రైవేటుపరం చేశారు, ప్రాంతీయ జెట్లతో ప్రపంచమంతా అమ్మారు. ఇంజిన్ మనదే కావాలని వాళ్లు పట్టుపట్టలేదు. కంచన్‌బాగ్ సార్‌తో ఇక్కడే నాకు తేడా. ముందు ప్రయాణికుల విమానం ఒకటి, అరవై డెబ్బై సీట్లది, మన డ్రాయింగ్‌తో రావాలి. యుద్ధవిమానం ఆర్డర్లు వందల్లోనే ఆగిపోతాయి. ఇండిగో ఒక్కటే 2023లో 500 ఏ320లు ఆర్డర్ ఇచ్చింది. చర్లపల్లి అన్న అడిగిన నిలకడైన పని సైన్యం ఒక్కటే ఇవ్వలేదు, పౌర విమానయానం ఇస్తుంది.

కంచన్‌బాగ్ రిటైర్డ్ | మంగళవారం, రాత్రి 8:40

అమ్మా, డ్రాయింగ్ మాట బంగారం లాంటి మాట. బ్రెజిల్ పోలిక మాత్రం పూర్తిగా ఒప్పుకోలేను. బ్రెజిల్‌కు "ఇంజిన్ ఇవ్వం" అని ఎవరూ అనలేదు. మనకు అన్నారు.

1998 మేలో పోఖ్రాన్ అణు పరీక్షల తర్వాత ఏం జరిగిందో గుర్తు చేస్తాను. తేజస్ ఫ్లై-బై-వైర్ నియంత్రణ (పైలట్ ఆదేశాలను కంప్యూటర్ ద్వారా విమానానికి అందించే పద్ధతి) మీద అమెరికాలో పనిచేస్తున్న మన ఇంజినీర్లను వెనక్కి పంపేశారు. పరికరాలు అక్కడే ఉండిపోయాయి. బెంగళూరులో విమాన పరిశోధనశాల ఎన్‌ఏఎల్ నాయకత్వంలోని బృందం ఆ నియంత్రణ సూత్రాలను మళ్లీ రాసింది. 2001 జనవరి 4న విమానం ఎగిరింది. అంతకుముందు 1980ల చివర్లో క్షిపణి సాంకేతికత నియంత్రణ కూటమి పెట్టి మాకు లోహాలు, పరికరాలు అందకుండా చేశారు. క్షిపణులకు కావలసిన మారేజింగ్ స్టీల్ అనే చాలా గట్టి ఉక్కును హైదరాబాద్‌లో ప్రత్యేక లోహాలు చేసే ప్రభుత్వ సంస్థ మిధానిలో కరిగించుకున్నాం. "ఇవ్వం" అన్న ప్రతిదాన్ని మనం చేసుకున్నాం, ఇచ్చినంతకాలం చేసుకోలేదు. ఇది నా జీవితంలో చూసిన విషయం.

పౌరవిమానం రావాలి, తప్పకుండా. కానీ అమ్మిన వాళ్లు చేయి వెనక్కి తీసుకుంటే ఆగిపోయే వస్తువులు ఏవో జాబితా రాసి, వాటికే ముందు డబ్బివ్వాలి. ఇంజిన్ వేడి భాగం ఆ జాబితాలో మొదటిది.

తూలూజ్ నుంచి | మంగళవారం, రాత్రి 9:55

సార్, ఆ జాబితా ఆలోచన నాకు నచ్చింది. 101 వస్తువులతో 2020 ఆగస్టులో మొదలైన దిగుమతి నిషేధపు జాబితాలు ఉన్నాయి కదా, వాటిలో అన్నీ ఒకే వరుసలో ఉంటాయి, ఏది ప్రాణం, ఏది సౌకర్యం అన్న తేడా ఉండదు. మీరు చెప్పినట్టు ఒక పది వస్తువులు విడిగా తీసి, ఒక్కోదానికి పదిహేనేళ్ల డబ్బు ముందే కేటాయిస్తే నేను వాదన మానేస్తాను. 120 కిలోన్యూటన్ల తోపుడు బలమున్న ఇంజిన్‌ను సఫ్రాన్‌తో కలిసి చేస్తామని 2025 ఆగస్టులో రక్షణమంత్రి ప్రకటించారు. అందులోనైనా వేడి భాగం డ్రాయింగ్‌తో పాటు, ఆ డ్రాయింగ్ మార్చే అధికారం మనకు రావాలి.

సాగర్‌నగర్ వైజాగ్ | బుధవారం, ఉదయం 7:25

గాల్లో ఎగిరేవాళ్లు అందరూ మాట్లాడేశారు, నీటి మీద వాళ్ల మాట కూడా వినండి. నాన్నగారు షిప్‌యార్డులో వెల్డర్. నేనూ ఓడల పనిలోనే ఉన్నాను.

నౌకాదళం ఒక పని చేసింది, వాయుసేన చేయలేదు. 1960ల్లోనే సొంత డిజైన్ విభాగం పెట్టుకుంది. యూనిఫాం వేసుకున్న ఆఫీసరే ఓడ గీస్తాడు. రేపు ఆ ఓడలో సముద్రం మీదకు వెళ్లేదీ వాళ్లే. అందుకే మొదటి ఓడలో లోపాలున్నా "ఇది మనది, రెండోదానిలో దిద్దుదాం" అన్నారు గానీ వద్దనలేదు. అలా అలా 2022 సెప్టెంబర్ 2న నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక విక్రాంత్ దాకా వచ్చాం. అణు జలాంతర్గామి అరిహంత్‌ను 2009 జూలై 26న మా విశాఖలోనే నీళ్లలోకి దింపారు. విక్రాంత్‌కు కావలసిన స్టీల్ బయటి నుంచి రాకపోతే డీఎంఆర్‌ఎల్, సెయిల్ కలిసి ఇక్కడే చేశాయి. కంచన్‌బాగ్ గారికి ఆ కథ మనకంటే బాగా తెలుసు.

కొనేవాడు, గీసేవాడు, కట్టేవాడు మూడు గదుల్లో కూర్చుని ఉత్తరాలు రాసుకుంటే విమానం రాదండి. నా వరుసలో మొదటిది ఇది: వాయుసేన ఆఫీసర్లను డిజైన్ దశ నుంచే పూర్తికాలం కూర్చోబెట్టాలి, రెండేళ్లకు బదిలీ చేయకూడదు.

కంచన్‌బాగ్ రిటైర్డ్ | బుధవారం, ఉదయం 9:10

ఆ స్టీల్ పేరు డీఎంఆర్-249. దాని మొదటి ప్లేటు పరీక్ష పాసైందని కబురు తెలిసిన రోజు మా క్యాంటీన్‌లో అందరం నిలబడే టీ తాగాం. గుర్తు చేసినందుకు సంతోషం బాబూ.

ఏరో థర్డ్ ఇయర్ | బుధవారం, ఉదయం 10:30

ప్రైవేటుకు పూర్తిగా ఇచ్చేస్తే త్వరగా అవుతుందని మా హాస్టల్‌లో చాలామంది అంటారు. మీరంతా ఏమంటారు?

పద్దుల పుస్తకం | బుధవారం, మధ్యాహ్నం 1:05

ప్రైవేటా, ప్రభుత్వమా అని కాకుండా, పోటీ ఉందా లేదా అని చూడు తమ్ముడూ. అటాగ్స్ ఫిరంగి చూడు. డిజైన్ డీఆర్‌డీఓది. మొదటి నుంచీ రెండు ప్రైవేటు కంపెనీలతో కలిసి చేశారు. 2025 మార్చిలో 307 ఫిరంగులకు దాదాపు 6,900 కోట్ల ఒప్పందం అయితే, భారత్ ఫోర్జ్‌కు 60 శాతం, టాటాకు 40 శాతం పంచారు. ఒకరు ఆలస్యం చేస్తే పని ఇంకొకరికి మళ్లించే వీలుంది. యుద్ధవిమానానికి ఆ వీలు ఇన్నాళ్లూ లేదు, ఒక్క హెచ్‌ఏఎల్ మీదే భారమంతా. ఐదో తరం యుద్ధవిమానం ఆమ్కాకు 2025 మేలో ప్రైవేటుకూ ప్రభుత్వ సంస్థకూ సమాన అవకాశం ఇచ్చే పద్ధతి ఖరారు చేశారు. అది మంచి అడుగు. అయితే కొత్తవాళ్లకు షెడ్డు, మిషన్లు ఉంటే చాలదు. వాళ్లు కూడా చర్లపల్లికే రావాలి పీసుల కోసం. ఆ పద్నాలుగు మందిని నిలబెట్టకుండా పైన ఎన్ని కంపెనీల పేర్లు మార్చినా పని జరిగే చోటు అదే.

చర్లపల్లి సీఎన్‌సీ | బుధవారం, రాత్రి 9:20

అక్కా, మా గురించి ఇంత మాట ఎవ్వరు అనలే. థాంక్స్.

కంచన్‌బాగ్ సార్‌ను ఒకటి అడగాల్నని రెండ్రోజుల సంది అనుకుంటున్న. మీరు పరీక్షాశాలలు అన్నరు. ఆకాశంల ఎగిరే ల్యాబు సరే, మా అసొంటోళ్లకు నేల మీద ల్యాబు గూడ దొరుకుతలేదు. ఇప్పుడు నా దగ్గర ఒక పని నడుస్తుంది, రక్షణది కాదు, బయటి కంపెనీ వాల్వు పార్టు, కాబట్టి చెప్పొచ్చు. 17-4 పీహెచ్ స్టీలు. హార్డెనింగ్ కు, అంటె వేడి చేసి గట్టిపరిచేటందుకు, పంపి తెస్తే బోర్ (లోపలి రంధ్రం) చిన్నగైతుంది. అది మామూలే, అందుకు ముందే వదిలిపెడ్త. కాని ఒక లాటు పద్దెనిమిది మైక్రాన్లు తగ్గుతది, ఇంకో లాటు ముప్పై. ఎందుకో తెల్వదు. అడుగుదామంటే ఎవర్ని అడగాలె? పెద్ద ల్యాబులల్ల మా అసొంటోళ్లకు అపాయింట్‌మెంటు దొరకదు, ప్రైవేటు ల్యాబోళ్లు రిపోర్టు ఇస్తరు గాని కారణం చెప్పరు.

కంచన్‌బాగ్ రిటైర్డ్ | గురువారం, ఉదయం 5:50

నీ పోస్టు చదివాక రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు నాయనా. నా వరుస మారుస్తున్నాను. ఎగిరే పరీక్షావిమానం కావాలి అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. కానీ దాంతో పాటు, అదే రోజు, చర్లపల్లి, బాలానగర్, జీడిమెట్లలో నడిచివెళ్లే దూరంలో ఒక లోహశాస్త్రవేత్త కూర్చునే ల్యాబ్ కావాలి. రక్షణ పరీక్షా సదుపాయాల పథకం అని 400 కోట్లతో 2020లో మొదలైంది ఒకటి. ఆ డబ్బులో పెద్ద యంత్రాలతో పాటు చదివి చెప్పే మనిషి జీతం కూడా ఉండాలి. మాలాంటి రిటైరైన వాళ్లు నగరంలో ఎంతోమంది ఉన్నాం. వారానికి రెండు రోజులు కూర్చోమంటే ఉచితంగానైనా కూర్చుంటాం. ఎవరూ అడగలేదు.

ఇక నీ స్టీల్. రెండు లాట్లదీ ఒకే హీట్ నంబరా, అంటే ఒకేసారి కరిగించిన స్టీలా, వేర్వేరా? ఏజింగ్, అంటే వేడిలో ఉంచి గట్టిపరచడం, ఏ ఉష్ణోగ్రతలో చేయమని చెప్పావు, వాళ్లు ఏ ఉష్ణోగ్రతలో చేశారు? వాళ్లిచ్చిన కాగితం కాదు, ఫర్నేస్ చార్ట్ కావాలి. ఒకే లోడులో పైన పెట్టిన పీసులు, కింద పెట్టిన పీసులు విడివిడిగా కొలిచావా?

చర్లపల్లి సీఎన్‌సీ | గురువారం, ఉదయం 7:15

హీట్ నంబర్లు వేరే సార్. చార్ట్ నేను ఎన్నడు అడగలే, ఈ రోజు అడుగుత. పైన కింద అని కొలువలేదు.

కంచన్‌బాగ్ రిటైర్డ్ | గురువారం, ఉదయం 7:22

రెండు మెటీరియల్ సర్టిఫికెట్లు, చార్ట్, ప్రతి లాటు నుంచి మూడేసి పీసులు తీసి పెట్టు. శనివారం పది గంటలకు వస్తాను. లాట్లు కలిపేయకు.

ఎకనామిక్స్ మాస్టారు | గురువారం, ఉదయం 8:00

సార్, చర్లపల్లి గారూ, ఇద్దరికీ అభ్యంతరం లేకపోతే శనివారం నేను ఆరుగురు పిల్లలను తీసుకొస్తాను. మాట్లాడరు, చూస్తారంతే.

చర్లపల్లి సీఎన్‌సీ | గురువారం, ఉదయం 8:09

తీస్కరాండ్రి సార్. చెప్పులు వద్దు, బూట్లు ఏసుకొని రమ్మను. కింద లోహం చిప్స్ ఉంటయి.